సొంత డబ్బా

ఏకా కాగితం మీద రాసిచ్చింది, నంబర్లు వేసి మరీ.
పేరు. ఊరు. అనుభవం. బలం. బలహీనత.
"రెండు నిమిషాలే పిన్నీ, మూడో నిమిషం ఎవరూ వినరు."
పాత రోప్‌వే మూసేసి నాలుగేళ్లు,
నాలుగేళ్లుగా ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుకుతున్నాను.
దాన్ని "విరామం" అని రాసింది.
బలహీనత దగ్గర ఏముందో చూశాను:
పనిలో పడితే తిండి కూడా గుర్తుండదు.
నాకా? పదకొండు కొట్టకముందే రొట్టె మూట విప్పే నాకా?
"అందరూ అదే చెప్తారు" అంది,
నా కోటుకి ఊడిన గుండీ కుడుతూ.

మూడు రోజులు గిన్నెలు తోముతూ వల్లెవేశాను.
నా గురించి నేను చెప్పుకుంటుంటే
ఎవరో పోయినావిడ గురించి చెప్తున్నట్టుంది.
నిజాయితీ. కలుపుగోలుతనం. వేళ తప్పని మనిషి.
పాపం, మంచావిడే అనిపించింది.

కొత్త స్టేషన్‌లో ఇంకా పెయింట్ వాసన.
త్బిలిసి నుంచి వచ్చిన ముగ్గురు బల్ల అవతల.
మధ్యలో కుర్రాడు, ల్యాప్‌టాప్ మూత వెనక సగం ముఖం.
కిటికీలోంచి కొత్త తాడు కనిపిస్తోంది,
ఇంకా గని మసి అంటని తాడు.
"మీ గురించి చెప్పండి."

నోరు తెరిచాను. కాగితం మొత్తం ఎగిరిపోయింది.
మిగిలింది ఆ మార్చి నెల పొగమంచు.

కరెంటు పోయిన రోజు, అన్నాను.
డబ్బా సరిగ్గా నది మీద ఆగిపోయింది. లోపల ఏడుగురు.
ఇవతల గురామ్ చేత్తో చక్రం తిప్పుతున్నాడు,
చుట్టుకి జానెడు.
నా చేతిలో ఫోను, ఆ చివర ఏడుగురి ఊపిరి.
ఎవరో ఏడుస్తున్నారు. ఎవరో తలుపు తంతున్నారు.
ధైర్యంగా ఉండండి అని చెప్పడానికి
నా దగ్గరే ధైర్యం లేదు. అందుకని అడిగాను:
ఒక్కొక్కరూ మీ గురించి చెప్పండి.

తలుపు తన్నేవాడే ముందు అందుకున్నాడు.
వాజా. కొలిమి దగ్గర పని. ఎత్తంటే భయం,
ముప్పై ఏళ్లుగా పెళ్లానికి కూడా చెప్పలేదు.
తర్వాత త్సియూరి: సంచిలో ఆరు రొట్టెలున్నాయి,
పంచుతాను, లెక్క దిగాక చూసుకుందాం.
స్కూలు పిల్లాడొకడు పేరు చెప్పి
ఇంకేం లేదు అన్నాడు.
ఇంకేం లేకపోవడమేంటిరా, నీ బూటు సైజెంత?
ముప్పైనాలుగు.
చివరి ముసలాయన ఎంతకీ ఆపలేదు.
రెండో పెళ్లి దాకా వచ్చేసరికి
డబ్బా ప్లాట్‌ఫామ్‌కి తగిలింది.
కథ అయ్యేదాకా దిగనన్నాడు.

రెండు నిమిషాల్లో ముగించినవాడు ఆ పిల్లాడొక్కడే.
గాలిలో వేలాడుతూ ఎవరూ
నేను కలుపుగోలు మనిషిని అనలేదు.
సొంత డబ్బా కొట్టుకోవడం నాకు రాదు బాబూ.
ఆగిపోయిన డబ్బాని ఇంటికి చేర్చడం వచ్చు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. హీటర్ టిక్కుమంది.
"బూటు సైజు ఎందుకడిగారు?" అన్నాడు కుర్రాడు.
అప్పుడు తోచింది అదే.
"మరి, బలహీనత?"
డబ్బా ఎక్కలేను. పంతొమ్మిదేళ్లలో రెండుసార్లు ఎక్కాను,
రెండోసారి గురామ్ టోపీలో వాంతి చేసుకున్నాను.
చివర కూర్చున్నావిడ దగ్గింది. దగ్గో, నవ్వో.
ఆమె ఏదో రాసుకుంది, చాలా చిన్న మాట,
తలకిందులుగా నాకు చదవడం రాలేదు.

గురువారం చెప్తామన్నారు.
కొత్తది ఇంకా జనానికి తెరవలేదు,
కొండ మీంచి మెట్లే గతి, మూడు వందల పన్నెండు.
సగం దిగాక కాళ్లు ఆగిపోయాయి.
వాజా పేరు చెప్పాను, త్సియూరి పేరు చెప్పాను,
గురామ్ టోపీ సంగతి కూడా చెప్పాను.
నా పేరు చెప్పలేదు.

కాగితంలో మొదటి లైను అదే.